మిగిలిపోయిన చిలక

“ఒక్కటి గువ్వమ్మ, రెండు జోడమ్మ,
మూడు పిల్లలమ్మ, నాలుగు...”

నాలుగేమిటో గుర్తు రావడం లేదర్రా. చిన్నప్పుడు గడగడా పాడేదాన్ని. పోనీలెండి, కథ మాత్రం మరిచిపోలేదు.

అనగనగా కోనపురానికి ఒక రాజు. ఆయనకి ముగ్గురు కొడుకులు. అక్కడ ఎవరి పెళ్ళయినా ఊరంతా బంతికి కూర్చోవాలి, రాజూ కొడుకులూ వడ్డించాలి. చిత్రం చూడండి, రెండు బంతులు వేసినా సమమే, మూడు వేసినా సమమే, పది దాకా ఎన్ని వేసినా సమమే. ఒక్కరూ మిగలరు.

అలాంటి ఊరిని భస్మజటుడనే మాంత్రికుడు చిలకల గుంపుగా మార్చి, ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు. చిన్నవాడు మణికేతుడికి కాబోయే పెళ్ళాం, మరదలు చెంగల్వనీ వదల్లేదు, పాపిష్ఠివాడు!

కోటలో మిగిలిపోయిన రాజుకి దణ్ణం పెట్టి అన్నదమ్ములు ముగ్గురూ ఓడెక్కారు. దారిలో నీళ్ళపాలవుతున్న చీమల దండుని మణికేతుడు ఓడలోకి తీసుకున్నాడు.

ఏడు సముద్రాలూ దాటొచ్చిన ముగ్గుర్నీ చూసి మాంత్రికుడు పకపకా నవ్వాడు. “ఈ చిలకల్ని సమంగా బారులు తీర్చండి. ఒకే బారు కుదరదు, బారుకొక్క చిలకా కుదరదు. సరిపోతే తోలుకుపోండి. మిగిలాయా, రాయైపోతారు!”

పెద్దవాడు రెండు బారులు తీర్చాడు. ఒకటి మిగిలింది. రాయైపోయాడు. రెండోవాడు మూడు బారులు తీర్చాడు. ఒకటి మిగిలింది. రాయైపోయాడు.

అప్పుడు చీమలు, “చిలకకొక చీమ చొప్పున నిలబడతాం, ముందు మామీద చూసుకో నాయనా” అన్నాయి. లెక్కకి రెండువేల ఐదువందల ఇరవై ఒక్క చీమలు. నాలుగు బారులకి ఒకటి మిగిలింది. ఏడుకీ ఒకటే. పదికీ ఒకటే. పదకొండుకి రెండు మిగిలాయి, పదమూడుకి పన్నెండు. ఎంతకీ లొంగని అంకె! లొంగదని తెలిసే ఇచ్చాడు దొంగవెధవ! తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మణికేతుడి కళ్ళు ఎర్రబడ్డాయి. “మా ఊరు పది దాకా ఎన్ని బంతులకైనా సరిపోయే ఊరురా! ప్రతిసారీ ఒకటి మిగిలిందంటే, ఆ ఒక్కటీ మాది కాదు!”

చిలకల వైపు తిరిగి అరిచాడు. “పక్కవాళ్ళని చుట్టరికం పెట్టి పిలవండి!”

కోనపురంలో ఎవరినీ పేరుపెట్టి పిలవరుగా! “అత్తా!” “చిన్నాన్నా!” “ఒరే అల్లుడూ!” అంటూ చెవులు చిల్లులు పడేలా కూశాయి. ఒక్క చిలక మాత్రం దిక్కులు చూసింది. దాన్నెవరూ పిలవలేదు, అదెవరినీ పిలవలేదు.

మాంత్రికుడి ప్రాణం అందులోనే ఉంది. ఒక్క ప్రాణాన్ని దాచుకోవడానికి ఊరినే గుంపు చేశాడన్నమాట! మణికేతుడు దాని మెడ పట్టుకున్నాడు.

“వద్దు నాయనా!” అని మాంత్రికుడు కాళ్ళమీద పడ్డాడు.

“ఇప్పుడు నాయనా అయ్యానా?” అని ఒక్క తిప్పు తిప్పాడు.

రాళ్ళు అన్నలయ్యారు. చిలకలు మనుషులయ్యాయి. చెంగల్వ వస్తూనే, “ఇంతసేపా బావా!” అని కసిరింది.

పెళ్ళయింది, నూరేళ్ళు చల్లగా ఏలారు. అయితే ఆ పెళ్ళిబంతిలో తమాషా జరిగింది. అన్నలు వడ్డిస్తుంటే, పెళ్ళికొడుకు తనకీ ఒక విస్తరి పట్టుకొచ్చాడు.

“నువ్వు కూర్చుంటే ఒకరు మిగిలిపోతారు బావా!” అంది చెంగల్వ.

“మిగిలితే ఏమైంది? కొంచెం జరుగు.”