నూకరాజు చూరుకి వేలాడిన గోదారి

అనగనగా గోదారి నడుమ ఒక లంక. ఆ లంకలో నూకరాజని ఒక కుర్ర పడవవాడు. "గోదారమ్మ నన్నడక్కుండా పక్కకైనా ఒత్తిగిలదు," అనేవాడు. ముందురోజే రేవులో ఆరేసిన వాడి లుంగీని అడక్కుండానే పట్టుకుపోయింది, అది వేరే సంగతి. ఊ కొడుతున్నావా బంగారం?

ఏటేటా ఏరు ఒక ఒడ్డు కోసేది, ఇంకో ఒడ్డున ఇసక మేట వేసేది. నూకరాజు లంకంతా తిరిగి, మట్టిలో కూరుకున్న పాత పడవ సామాను ఏరుకొచ్చేవాడు. అవి దొరికాయంటే ఒకప్పుడు అక్కడ ఏరు పారినట్టేగా. రేవు నుంచి ఎన్ని అడుగుల్లో దొరికిందో, ఏ ఏడు దొరికిందో అట్టముక్క మీద రాసి, దానికి కట్టి, చూరుకి వేలాడదీసేవాడు.

ఒక ఏడు వరదొచ్చి వాడి మేనత్త చిట్టెమ్మ ఇల్లు ఊడ్చుకుపోయింది. మళ్ళీ వానలు పడేలోగా ఇంకో ఇల్లు వేసుకోవాలి. అదీ పోతే మరోటి వేసుకునే ఓపిక ఆవిడకి లేదు.

మొదట అరటితోట పక్కన చోటు చూసింది. నూకరాజు రేవు నుంచి అడుగులు కొలుచుకుంటూ వచ్చి, విరిగిన తెడ్డు చూపించాడు. "ఇది ఇక్కడిదత్తా. ఇక్కడే ఇల్లేసుకో, వరదొస్తే వేసుకోడానికి తెడ్డు కూడా ఉంది."

ఆ తర్వాత దిబ్బ కింద చూసింది. వాడు పడవ మేకు తెచ్చాడు. ఆ తర్వాత బడి వెనక చూసింది. వాడు వలకి కట్టే మట్టిగుండు తెచ్చాడు.

"నీ చూరుకి ఎక్కని చోటేదో నువ్వే చూపించరా," అంది చిట్టెమ్మ విసిగిపోయి.

అప్పుడు వాడు అట్టలన్నీ చదివి, మళ్ళీ అడుగులు కొలిచి, ఏమీ దొరకని చోట గుంజ పాతాడు. అక్కడే ఇల్లు లేచింది.

వరద రానే వచ్చింది. మొదటిరోజు అరటితోట మునిగింది. రెండోరోజు బడి మునిగింది. మూడోరోజు నీళ్ళు చిట్టెమ్మ వాకిట్లోకొచ్చి, గడపకి జానెడు దూరంలో ఆగి, మెల్లగా వెనక్కి తిరిగాయి.

చిట్టెమ్మ హమ్మయ్య అనుకుని పొయ్యి వెలిగించింది. నూకరాజుకి వేడన్నం, చేపల పులుసు వడ్డించింది. "నీ అట్టలే నా ఇల్లు కాచాయిరా."

వాడు పులుసు కలుపుతూ ఆగాడు. "అత్తా, అడుగులన్నీ రేవు నుంచే కొలిచాను."

"కొలిస్తే?"

"ఏరు జరిగిన ప్రతి ఏడూ రేవూ జరిగిందత్తా. ఏ ఏడు కొలిచిన అడుగులు ఏ రేవు నుంచో నాకే తెలీదు, నీ గుంజ పాతిన చోటూ గుడ్డిలెక్కే. వాన మొదలయ్యాక తట్టింది."

"అందుకా, మూడు రోజులూ నా గుంజకి పడవ కట్టుకుని కూర్చున్నావు?"

"అందుకేనత్తా," అన్నాడు నూకరాజు, కంచంలోకి చూస్తూ.

ఏరు కడలికి, పడవ రేవుకి,
కథ కంచికి, బంగారం పక్కకి.