పోలమ్మ చెయ్యి, నా రెండు పళ్ళు

మా గురవకొండ రాజు బసవభూపతి గారికి ఆ రోజు ఉన్నట్టుండి రోషం పొడుచుకొచ్చింది. నిండు కొలువులో చేతి కడియం తీసి పైకెత్తారు.

"నా ఏలుబడిలో ఒకే తప్పుకి రెండు తీర్పులు వచ్చాయని ఎవరైనా చూపించండి. తీర్పు మారుస్తా, ఈ కడియమూ ఇచ్చేస్తా!"

ఆ రోషమంతా మేదర పోలమ్మ తెప్పించింది. అప్పుడే ఆమె కుడిచెయ్యి నరకమని తీర్పయింది. "నాకో న్యాయం, దొరలకో న్యాయమా?" అని ఆమె అరిచింది.

ఆమె చేసిన నేరమల్లా ఇదీ. సంతలో బుట్టలమ్ముకుంటుంటే, సైన్యాన్ని నడిపే దళవాయి గారి బావమరిది వీరమల్లుడు జడ పట్టుకుని లాగాడు. వదలమంది, వదల్లేదు. చేతిలో ఉన్న వెదురుకర్రతో మూతి మీద ఒక్కటిచ్చింది. రెండు పళ్ళు రాలాయి.

మరి ఊరందరినీ ఆమె మీదికి ఉసిగొల్పిన మహానుభావుడెవరనుకున్నారు? నేనే. పేరు ముత్యాలు. సంస్థానంలో డప్పు కొట్టి చాటింపు వేసేవాణ్ణి. వీరమల్లుడు నన్ను పిలిచి, కడుపునిండా బూరెలు పెట్టి, తన గోడు చెప్పుకున్నాడు. ఇంకేం! "మేదరదాని దౌర్జన్యమహో! సంతకెళ్ళే మగాళ్ళు జాగ్రత్తహో!" అని నాలుగు వీధులూ అదరగొట్టేశాను. పోలమ్మని కూడా ఒక్కమాట అడుగుదామని తోస్తేనా నా మట్టిబుర్రకి!

ఇప్పుడామె కుడిచేతిని ఎడంచేత్తో గట్టిగా పట్టుకుని నిలబడి ఉంది. ఆ చెయ్యి పోతే బుట్ట లేదు, బువ్వా లేదు.

అప్పుడు రాజుగారికి తాంబూలం చుట్టి ఇచ్చే నాంచారి ముందుకొచ్చింది.

"ఏలినవారు మన్నించాలి. మన ఊళ్ళో శాసనమంటే ఏది దొరా?"

"ముత్యాలు చాటిందే శాసనం. ఒకసారి చాటాక నేను కూడా మార్చను," అన్నారు రాజుగారు మీసం దువ్వుతూ.

నా ఛాతీ రెండంగుళాలు ఉబ్బింది.

నాంచారి నావైపు తిరిగింది. "ముత్యాలు బాబాయ్, పోయిన నెల నువ్వేం చాటావో గుర్తుందా? ఏంలే, వయసు మీద పడింది, మరిచిపోయుంటావు."

నన్నా ఆ మాట! ఏడేళ్ళ కిందటి చాటింపు కూడా పొల్లు పోకుండా చెప్తాను నేను. ఠక్కున డప్పందుకుని గొంతెత్తాను:

"వినండహో! ఒప్పుకోకుండా ఒంటి మీద చెయ్యేస్తే పళ్ళు రాలగొట్టడం ధర్మమేనహో! తప్పంతా చెయ్యేసినవాడిదేనహో! పెద్దకీ పేదకీ ఇదే మాటహో!"

కొలువంతా రాజుగారి వైపు తిరిగింది. అప్పటికిగానీ నేనేం కూశానో నాకే తెలియలేదు.

సిగ్గుచేటైనా చెప్పాలి. పోయిన నెల రాజుగారి భుజం మీద గండుచీమ పాకుతుంటే భక్తితో దులపబోయాను. ఆయన ఉలిక్కిపడి మోచేత్తో ఒక్కటిచ్చారు. నా ముందుపళ్ళు రెండూ ఎగిరిపోయాయి. అది ఆత్మరక్షణేనని మంత్రిగారు అక్కడికక్కడే తీర్పు రాశారు. నా పళ్ళ మీద తీర్పుని, చిగుళ్ళు నెత్తురోడుతుంటే, నేనే ఊరంతా గర్వంగా చాటుకొచ్చాను!

మంత్రిగారు లేచారు. "ప్రభూ, ఆ పెద్దకీ పేదకీ అన్న ముక్క నేను రాయలేదు!"

నిజమే. అది మా తాతల నాటి తోక. ప్రతి చాటింపుకీ తగిలిస్తాం, లేకపోతే దరువు ముగియదు. దానికో అర్థం ఉందని నాకెప్పుడూ తట్టలేదు.

"రాసింది కాదు, చాటిందే శాసనమని ఏలినవారు ఇప్పుడేగా సెలవిచ్చారు అయ్యగారూ," అంది నాంచారి.

రాజుగారు నా నోటివైపు చూశారు. ఓ పక్కన నిలబడ్డ వీరమల్లుడి నోటివైపు చూశారు. వాడు గబుక్కున మూతి మూసుకున్నాడు.

నాంచారి తమలపాకు ఈనె తీస్తూ మెల్లగా అంది:

"పోలమ్మ చెయ్యి నరికే కత్తికి, అంతకంటే ముందు ఇంకోచోట పనుంది దొరా. ఎక్కడో నాచేత చెప్పించకండి."

రాజుగారు మోచెయ్యి చటుక్కున శాలువాలో దాచుకున్నారు. దాచుకున్నానని తనకే తెలిసి, ఫక్కున నవ్వేశారు. ఆయన నవ్వాక కొలువు ఆగుతుందా! కడియం నాంచారికి వెళ్ళింది. పోలమ్మని వదిలేశారు.

"ముత్యాలూ, జరిగింది మళ్ళీ చాటు. ఈసారి ఆమెని అడిగి చాటు," అన్నారు రాజుగారు.

నేను పోలమ్మ దగ్గరికెళ్ళి, తలొంచుకుని, "ఏం చాటమంటావమ్మా?" అన్నాను.

ఆమె నా తొర్రినోరు ఎగాదిగా చూసింది.

"నువ్వు చాటింది చాల్లే అన్నా. ఆ డప్పు ఇటియ్యి."

అని కుడిచెయ్యి చాపింది.