మస్తాన్ కాలు

మాల్యాద్రికి యాభై ఏడేళ్లు. ఆ వయసు మనిషి గురువుగారి వంటింట్లో స్టూలు మీద కూర్చుని, చెప్పాల్సిన మాట చెప్పలేక టీ గ్లాసును చేతుల్లో తిప్పుతున్నాడంటే, వచ్చిన పని మంచిది కాదని అర్థం.

గురువు పేరు నోయెల్ రోజారియో. బిట్రగుంట రైల్వే కాలనీలో ఒకప్పుడు బొగ్గింజను నడిపిన ఆంగ్లో ఇండియన్ డ్రైవరు. ఇప్పుడు ఎనభై నాలుగేళ్లు, అరిగిపోయిన మోకాళ్లు, చేతిలో కర్ర. కాలనీ అంతా ఆయన్ని మాస్టర్ అనే పిలుస్తుంది. ఓడల్లో పనిచేసే మేనమామ మద్రాసు హార్బర్లో దిగినప్పుడల్లా తెచ్చిచ్చిన రికార్డులు విని ఆయన బ్లూస్ నేర్చుకున్నాడు. అమెరికాలో పత్తి చేలల్లో ఒళ్లు హూనం చేసుకున్న నల్లవాళ్లు గుమ్మంలో కూర్చుని పాడుకున్న పాట అది. ఒక మాట పాడతారు. అదే మాట ఇంకోసారి పాడతారు. మూడోసారికి గానీ అసలు సంగతి చెప్పరు.

కాలనీలో నలుగురు పిల్లలకు మాస్టర్ ఆ పాట నేర్పాడు. ఆ నలుగురే తర్వాత ఔటర్ సిగ్నల్ అనే రాక్ బ్యాండ్ అయ్యారు. మాల్యాద్రి గిటారు పట్టుకుని ముందు నిలబడేవాడు. మస్తాన్ వెనక కూర్చుని డ్రమ్స్ వాయించేవాడు. ముప్పై ఆరేళ్లు ఊళ్లు తిరిగారు. పొగ వదిలారు, లైట్లు తిప్పారు, ఏటేటా స్పీకర్లు పెద్దవి చేసుకుంటూ పోయారు. జుట్టు నెరిశాక, ఆ వయసు బ్యాండ్లకు వచ్చే బుద్ధే వీళ్లకీ వచ్చింది. హంగులన్నీ పక్కన పెట్టి, మొట్టమొదట నేర్చుకున్న పాటలతో ఒక్క రికార్డు చేద్దామనుకున్నారు.

అందులో మొదటి పాట మాస్టర్ తెలుగులో సొంతంగా కట్టింది.

"బండెళ్లిపోయిందిరా, సంచి చేతిలోనే ఉంది.
బండెళ్లిపోయిందిరా, సంచి చేతిలోనే ఉంది.
ఎక్కినోళ్లు ఎక్కినారు, నీ చెయ్యి నా చేతిలోనే ఉంది."

మద్రాసు స్టూడియోలో పదకొండు రోజులుగా ఆ ఒక్క పాటే రికార్డు చేస్తున్నారు. అది సరిగ్గా రావడం లేదు.

"మస్తాన్ సంగతి, మాస్టర్," అన్నాడు మాల్యాద్రి చివరికి.

"వాడికేం?"

"పోయినేడు పక్షవాతం వచ్చింది గదా. చేతులు బాగానే తిరిగొచ్చినాయి. కుడి కాలే... దెబ్బ వెనకపడతా ఉంది."

డ్రమ్స్ వాయించేవాడి ముందు, నేల మీద ఒక పెద్ద డ్రమ్ముంటుంది. దాన్ని కాలితో కొడతారు. పాటకు కాళ్లు ఆ దెబ్బలే. స్టూడియోలో నలుగురినీ నాలుగు గదుల్లో కూర్చోబెట్టి, అందరి చెవుల్లో గడియారంలా టిక్కుటిక్కుమనే మోత ఒకటి పెట్టారు. ఆ టిక్కుకు మస్తాన్ కాలు వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతోంది. సౌండ్ ఇంజనీరు దాన్ని కంప్యూటర్ తెర మీద పెద్దది చేసి, ఇదిగో ఇంత అని గీత గీసి చూపించాడు. అది చూసినప్పటి నుంచి మాల్యాద్రికి పాటలో ఇంకేమీ వినబడటం లేదు, ఆ గీత తప్ప.

"వేరే డ్రమ్మర్ని మాట్లాడినాను మాస్టర్. ఈ మధ్యాహ్నమే వస్తాడు. మస్తాన్‌కి ఇంకా చెప్పలా. నా నోట రావడం లేదు. మీరు ఫోన్ చేసి చెప్తే వింటాడు."

"ఏం చెప్పమంటావు?"

"కొన్నాళ్లు ఇంటిపట్టున ఉండరా, రికార్డు సంగతి వాళ్లు చూసుకుంటారు, అని."

"వాళ్లంటే?"

"మేం ముగ్గురం."

అనేసి తల వంచుకున్నాడు. సిగ్గుపడ్డాడు, అది నటన కాదు. కానీ అన్న మాటను వెనక్కి తీసుకోలేదు.

మాస్టర్ కోప్పడలేదు. తన గ్లాసు, శిష్యుడి గ్లాసు కడిగి బోర్లించాడు.

"నీ బండెన్నింటికి?"

"తొమ్మిదింపావుకి."

"ఇంకా అరగంట ఉంది. నిన్ను ఎక్కించి, అప్పుడు మస్తాన్‌కి ఫోన్ చేస్తా. పద."

"మీరెందుకు మాస్టర్? మద్రాసు బండి అవతలి ప్లాట్‌ఫారం మీదికి వస్తుంది. వంతెన ఎక్కాల."

"ఏం మ్యాన్, నా స్టేషన్‌కి నేను రాకూడదా?"

ఇల్లు స్టేషన్ గోడ వెనకే. మొదటి ప్లాట్‌ఫారం మీదికి రాగానే మాల్యాద్రికి నవ్వొచ్చింది. చిన్నప్పుడు మాస్టర్ ఆరు నెలల పాటు గిటారు ముట్టుకోనివ్వలేదు. నలుగురినీ ప్లాట్‌ఫారం ఈ చివర నిలబెట్టి, పాడుకుంటూ ఆ చివరికి నడిచి రమ్మనేవాడు. తాను ఆ చివర సిమెంటు బెంచీ మీద కూర్చునేవాడు. మాల్యాద్రి ఎప్పుడూ అందరికంటే ముందు చేరేవాడు. చేరి, "ఎట్టుంది మాస్టర్?" అని అడిగితే ఆయన వాడి భుజం మీంచి వెనక్కి చూసేవాడు. "అందరూ వచ్చారా?" అనేవాడు. ఇంకేమీ చెప్పేవాడు కాదు. అదొక పాఠమని పిల్లలు అనుకోలేదు. మాస్టర్‌కి బద్ధకం అనుకున్నారు.

వంతెన మెట్ల దగ్గర మాస్టర్ కర్రను ఎడమ చేతికి మార్చుకుని కుడి చెయ్యి చాపాడు. మాల్యాద్రి సంచిని ఒక చేత్తో పట్టుకుని రెండో చెయ్యి ఆయనకిచ్చాడు. ఒక మెట్టు. రెండు కాళ్లూ ఆ మెట్టు మీదికి చేరాక ఊపిరి తీసుకోవడం. తర్వాత ఇంకో మెట్టు. మాస్టర్ మోకాళ్ల నొప్పి నిజమైనదే. అయితే ఆ పూట అది మామూలుకంటే కాస్త ఎక్కువ నిజమైందని నా అనుమానం.

పైకెక్కాక ఆయన కమ్మీ పట్టుకుని నిలబడిపోయాడు.

"అదిగో మ్యాన్, మన షెడ్డు."

బొగ్గింజన్ల షెడ్డు పోయి ఏళ్లయింది. అక్కడ తుమ్మ చెట్లున్నాయి. మాల్యాద్రి వాచీ చూసుకోబోయి మానుకుని, చెట్ల వైపు చూశాడు.

"అవును మాస్టర్. అక్కడే."

దిగడం ఎక్కడం కంటే కష్టమైంది. సగం మెట్లు దిగేసరికి కింద మద్రాసు బండి వచ్చి ఆగింది. ఇంకా పద్నాలుగు మెట్లున్నాయి. మాల్యాద్రి ఒక్కడే అయితే నాలుగంగల్లో దిగి పెట్టెలో ఉంటాడు. మాస్టర్ ఒక మెట్టు దిగాడు. మాల్యాద్రి కూడా ఒక మెట్టు దిగాడు. టీ అమ్మేవాడు బండి దిగి వెళ్లిపోయాడు. బండి కూత వేసింది.

"జాగ్రత్త మాస్టర్. ఇక్కడ అంచు విరిగింది," అన్నాడు మాల్యాద్రి.

వాళ్లు చివరి మెట్టు దిగేటప్పటికి గార్డు పెట్టె ప్లాట్‌ఫారం దాటుతోంది. ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. మాస్టర్ చాలాసేపు ఊపిరి పీల్చుకుంటూ ఉండిపోయాడు.

"పరిగెత్తి ఉంటే దొరికేది, మ్యాన్."

"మిమ్మల్ని మెట్ల మీద వదిలేసా?"

"నా వల్ల నీకు ఆలస్యమైపోయిందే."

"ఆలస్యమేముంది మాస్టర్ ఇందులో? మీ కాలు ఎప్పుడు పడితే నాదీ అప్పుడే పడాల గదా," అన్నాడు మాల్యాద్రి, మామూలుగా, ఆయన చెమట పట్టిన ముఖం వైపు చూస్తూ.

అని, ఆగిపోయాడు.

మాస్టర్ ఏమీ విననట్టే ఎడమ చేత్తో జేబు తడుముకుని తన పాత బటన్ల ఫోన్ తీశాడు. మాల్యాద్రి ముందు పెట్టాడు.

"మస్తాన్ నంబరు కలుపు. ఏం చెప్పమన్నావో ఇంకోసారి చెప్పు. వయసైపోయింది, మర్చిపోతన్నా."

మాల్యాద్రికి ఫోన్ అందుకోవడానికి చెయ్యి ఖాళీగా లేదు. ఒక చేతిలో సంచి ఉంది. ఇంకో చేతిలో మాస్టర్ చెయ్యి, మెట్ల మీద పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉంది. అతను ఆ రెండు చేతుల వైపూ చూసుకున్నాడు.

"వద్దులే మాస్టర్," అన్నాడు.

ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. తర్వాతి బండి పదకొండున్నరకు. అప్పటిదాకా ఇద్దరూ ఆ బెంచీ మీదే కూర్చుని ఇడ్లీ తిన్నారు, షెడ్డు రోజుల కబుర్లు చెప్పుకున్నారు. మస్తాన్ పేరు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. బండిలో కూర్చోగానే మాల్యాద్రి చేసిన మొదటి పని కొత్త డ్రమ్మర్‌కి ఫోన్ చేసి, రావద్దని క్షమాపణ చెప్పుకోవడం.

మర్నాడు పొద్దున స్టూడియోలో అతను నాలుగు కుర్చీలూ ఒకే గదిలోకి తెచ్చి వేశాడు. చెవుల్లో పెట్టుకునేవి తీసి గోడకున్న కొక్కేనికి తగిలించాడు. తన కుర్చీని మస్తాన్ వైపు తిప్పుకున్నాడు, వాడి కుడి కాలు సూటిగా కనబడేట్టు.

మస్తాన్ అమాయకుడు కాదు. పదకొండు రోజులుగా తన వైపు ఎవరూ చూడకపోవడం చూస్తూనే ఉన్నాడు. ఇవాళ ఇంత దగ్గరగా చూసేసరికి భయపడ్డాడు. అయినా డ్రమ్ము పుల్లలు చేతిలోకి తీసుకున్నాడు.

బండెళ్లిపోయిందిరా అని మాల్యాద్రి నెమ్మదిగా ఎత్తుకున్నాడు. రెండోసారి కూడా పాడాడు. మూడో మాట దగ్గర మస్తాన్ కాలు లేచింది. లేచి గాలిలో ఉంది. ముగ్గురూ తీగల మీద వేళ్లు పెట్టి ఆగారు. అద్దం వెనక ఇంజనీరు తెర వైపు చూసి చెయ్యెత్తాడు. ఎవరూ అతన్ని పట్టించుకోలేదు. కాలు దిగింది. దాంతో పాటు ముగ్గురూ దిగారు.

పాట అయిపోయాక మస్తాన్ పుల్లలు ఒళ్లో పెట్టుకున్నాడు. తల ఎత్తలేదు. తన కాలి వైపే చూస్తూ అడిగాడు.

"ఆలస్యమైందారా?"

మాల్యాద్రి గదిలో ఉన్నవాళ్లను ఒక్కొక్కరినే చూసుకున్నాడు.

"లేదబ్బా," అన్నాడు. "అందరం వచ్చాం."