ఇంజను తరఫు మాట

మబ్బులు మేడల మీదికి దిగివచ్చి కునుకు తీసే ఒక రాజ్యంలో, రాజుగారికి మూరెడు బొమ్మ విమానం ఉండేది. దాని బుల్లి ఇంజను తాగే స్పిరిట్‌లో ఆముదం కలిపి ఇచ్చేది గానుగ సూరమ్మ.

ఉత్సవంనాడు ఇంజను నిద్రమత్తులో ఉన్నట్టు మెల్లగా తిరిగింది. విమానం నేల వదల్లేదు.

"ఆముదం కల్తీది ప్రభూ! ఈ సూరమ్మను ఊళ్లోంచి వెళ్లగొట్టండి" అన్నాడు ఆస్థాన యంత్రాచార్యుడు భుజంగరాయుడు. తన పేరు చెక్కించుకోవడానికి దానిమీద చోటు చాల్లేదని, విమానం ముక్కున తిరిగే పంకా తీసేసి, దానికి రెండింతల పంకా బిగించింది ఈయనే.

సూరమ్మ ఆ పంకాకేసి చూసింది. "పోతాను దొరా. తమరికి ఉక్కగా ఉంది, ముందు ఆచార్యులవారిని కాస్త విసరమనండి" అని, పందిరి పక్కనున్న తాటాకు తడక ఆయన చేతికిచ్చింది.

"ఊఁ, త్వరగా!" అన్నాడు రాజు.

నాలుగు ఊపులకే ఆచార్యుడి చేతులు పడిపోయాయి. "ఇంత పెద్దదాన్ని త్వరగా ఎలా ఊపేదే?"

"ఇంజనుకు నోరు లేదు బాబూ. దాని మాట మీరే చెప్పారు."

పాత పంకా బిగించగానే విమానం కలలా మబ్బుల్లోకి జారిపోయింది. రాజు ఆచార్యుడి పేరు మాత్రం వృథా పోనివ్వలేదు. దాన్ని ఆ తడక మీద రాయించి, రోజూ కాసేపు ఆయన్నే విసరమన్నాడు.