మంత్రిగారి జామతోటలో మేకలు

మా కొండగూడెంలో నా అంత మొద్దు ఇంకొకడు లేడు. పేరు బయ్యన్న. తేనె తీసి బతికే కులంలో పుట్టి, తేనెటీగ అంటే భయం నాకు. చెట్టెక్కేది మా ఆవిడ లింగి. కింద కుండ పట్టుకునేది నేను.

ఒకసారి మంత్రి విరూపాక్షయ్యగారు అడవిని కాపాడాలనీ, మమ్మల్ని బాగుచెయ్యాలనీ ఒకేసారి పూనుకున్నారు. అడవిలో ఎవరూ కాలు పెట్టకూడదని దండోరా వేయించి, బతుకుతెరువుకని ఇంటింటికీ మేకల్ని పంచారు.

వాటికి మేత ఎక్కడని అడిగే తెలివి నాకేదీ? పచ్చగా కనిపించిన చోటికి తోలాను. అడవి కాక పచ్చగా ఉన్నది మంత్రిగారి జామతోట ఒక్కటే.

సాయంత్రానికి తోటలో మోళ్లు మిగిలాయి. నన్ను రాజుగారి ముందు నిలబెట్టారు.

"తోటకి మాలి కాపలా ఉన్నాడు గదరా, ఎలా దూరావు?" అన్నారు రాజుగారు.

"అతనే తడిక తీశాడు మహాప్రభూ. రాలిన కాయ కూడా ముట్టనివ్వని తోటలో మేకల్ని అదిలించి తనేం బావుకుంటానన్నాడు. నాకూ సబబే అనిపించింది. రేపు మా అడవికి ఎవడైనా గొడ్డలితో వస్తే నేనూ తడిక తీద్దామనుకున్నాను. తీరా చూస్తే అడవికి తడికే లేదు."

రాజుగారు మంత్రిగారి వైపు చూశారు.

మర్నాడే మేకలు వెనక్కి పోయాయి. అడవిని కాచినవాళ్లకే అందులో తేనె, ఉసిరి అని కొత్త దండోరా పడింది. అదంతా నా తెలివే అనుకుని రాజుగారు నన్ను కాపలాకి పెద్దని చేశారు.

నేను చెట్టుకింద హాయిగా నిద్రపోతుంటాను. అడవిని లింగి కాస్తుంది. తేనె ఆవిడది గదా.