గోధుమరంగు లేని గాజుపలక

కృపానందం గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాళ్ళని తిరిగి రోగి దగ్గరికే పంపేవారు. సముద్రం ఒడ్డున ఉన్న ఆ పెద్దాసుపత్రి క్యాన్సర్ వార్డులో ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. కొత్తగా చేరిన డాక్టర్ హిమజకి ఇంకా తెలియదు.

ఒకరోజు రౌండ్స్ అయ్యాక ఆమె అడిగింది.

"సార్, లింఫోమాకి మనం ఇచ్చే యాంటీబాడీ మందు అందరికీ ఒకటే. కొందరికి గడ్డలు కరిగిపోతాయి, కొందరికి అసలు కదలవు. కొందరికి తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తాయి. ఎందుకని? పథ్యం తప్పడం వల్లా?"

ఆ చివరి మాట ఆమె పోలయ్యని తలుచుకుని అంది. పోలయ్య పలాసలో జీడిగింజలు కాల్చే బట్టీ దగ్గర పనిచేసేవాడు. మెడ మీద లింఫోమా గడ్డతో వచ్చి, మొదటి విడత మందుకే గడ్డ పోయి, వార్డులో అందరికీ జీడిపప్పు పంచి వెళ్ళాడు. మళ్ళీ వచ్చేసరికి గడ్డ అక్కడే ఉంది, ఇంకా గట్టిగా. అప్పుడు హిమజ అతన్ని నిలదీసింది. "ఏం తిన్నావు పోలయ్యా? నాటుమందేమైనా వాడావా?" అతను తల దించుకుని, ఎండుచేపలు తిన్నానన్నాడు. అందుకే తిరగబెట్టిందని ఆమె కోప్పడి, అదే మందు మళ్ళీ మొదలుపెట్టింది. అతను పొద్దున్నే రైలెక్కి వచ్చి, సాయంత్రం దాకా డ్రిప్ పెట్టించుకుని వెళ్ళేవాడు. గడ్డ మాత్రం పెరుగుతూనే ఉంది.

కృపానందం గారు ఆమె మాటంతా విని, "పోలయ్య మెడలోంచి మళ్ళీ ముక్క తీయించు" అన్నారు.

"పాత బయాప్సీ ఉంది కదా సార్. జబ్బు ఏమిటో తెలుసు."

"తీయించు."

పోలయ్య ఎదురు చెప్పలేదు. "మొదట తీసినప్పుడే అంతా తెలిసిపోయిందన్నారు కదా డాక్టరమ్మా" అని మాత్రం అన్నాడు.

రంగు వేసిన గాజుపలకలు సిద్ధమయ్యాక, ఇద్దరూ కలిసి చూడగలిగే మైక్రోస్కోపు దగ్గర ఎదురెదురుగా కూర్చున్నారు. ముందు పాత ముక్క చూశారు. ప్రతి జబ్బు కణం చుట్టూ గోధుమరంగు అంచు ఉంది. మందు పట్టుకునే గుర్తు అదే. మందు ఆ గుర్తుకి అతుక్కుంటే, ఒంట్లోని కాపలా కణాలు వచ్చి ఆ కణాన్ని మింగేస్తాయి. హిమజ చదువుకున్నది అదే, పోలయ్యలో మొదట జరిగిందీ అదే.

కృపానందం గారు కొత్త పలక పెట్టారు. అదే జబ్బు, అవే పెద్ద పెద్ద కణాలు, ఇంకా కిక్కిరిసి ఉన్నాయి. గోధుమరంగు ఎక్కడా లేదు.

"రంగు వేయడంలో పొరపాటు జరిగింది సార్" అంది హిమజ.

"పలక మూలకి జరుపు."

సరిచూసుకోవడానికని ఆ మూల ఎప్పుడూ ఆ గుర్తు ఉండే మామూలు టాన్సిల్ ముక్క ఒకటి పెడతారు. అది చక్కగా గోధుమరంగులో మెరుస్తోంది. రంగు వేయడంలో తప్పేమీ లేదు.

హిమజ పలకని ఇటూ అటూ జరిపి, అంచు దాకా వెతికింది. తన చేత్తో వేలాడదీసిన డ్రిప్ సీసాలన్నీ కళ్ళముందుకొచ్చాయి. ఆ మందంతా అతని రక్తంలో తిరిగింది. పట్టుకోవడానికి దానికి అక్కడ ఏమీ లేదు.

"ఆ గుర్తు ఏమైంది సార్?" అని అడిగింది.

"గుర్తు లేని కణాలు మొదటే కొన్ని ఉండి ఉండొచ్చు. గుర్తు ఉన్నవి చచ్చాక అవి పెరిగి ఉండొచ్చు. లేదంటే కాపలా కణాలు మింగబోయి, మందుతో పాటు గుర్తుని మాత్రం కొరుక్కుని, కణాన్ని ప్రాణంతో వదిలేసి ఉండొచ్చు. ఇతనిలో ఏది జరిగిందో నాకూ తెలియదు."

"అంటే, మనం మందిచ్చి వీటినే మిగిల్చామా?"

ఆయన మైక్రోస్కోపు దీపం ఆర్పారు. "వెళ్ళి అతనికి చెప్పు" అన్నారు.

పోలయ్య మంచం పక్కన అతని భార్య సింహాద్రమ్మ నేలమీద కూర్చుని ఉంది. హిమజ స్టూలు లాక్కుని కూర్చుంది.

"పోలయ్య గారూ, జబ్బు తిరగబెట్టింది మీరు తిన్నదాని వల్ల కాదు. చేపల వల్ల అసలే కాదు. జబ్బే మారిపోయింది. మేం ముందే చూడవలసింది."

సింహాద్రమ్మ లేచి నిలబడింది. "ఆ సేపలు నానే వండినానమ్మా" అంది. "మొగుణ్ణి నువ్వే సంపుతున్నావని మా అత్త అంది. అప్పట్నుంచి నన్ను పొయ్యి ముట్టుకోనివ్వట్లేదు. మా ఆడబిడ్డే వండుతోంది."

కోపంలో తానన్న ఒక్క మాట ఆ ఊరి దాకా వెళ్ళి, ఆ ఇంట్లో ఇంత పని చేసిందని హిమజ ఊహించనైనా లేదు. ఫోన్ తీసి, "మీ అత్తగారికి కలపండి. నేను మాట్లాడతాను" అంది. ఆ ముసలావిడకి ఒకటికి రెండుసార్లు నెమ్మదిగా చెప్పింది.

తరువాత వేరే గుర్తుని పట్టుకునే మరో మందు మొదలుపెట్టారు. వానలు పడేనాటికి పోలయ్య మెడ మీద గడ్డ మెత్తబడింది. పూర్తిగా పోతుందని మాత్రం అతనితో ఎవరూ అనలేదు. సింహాద్రమ్మ చేతి వంట తింటున్నానని అతనే చెప్పాడు.

అతను ఆ మాట చెప్పిన రోజు, రౌండ్స్‌లో అతని మంచం దగ్గర్నుంచి కదులుతూ కృపానందం గారు అడిగారు. "నీ ప్రశ్నకి జవాబు దొరికిందా?"

"పోలయ్య గారి విషయంలో దొరికింది సార్" అంది హిమజ.

"అంతవరకే దొరుకుతుంది" అన్నారాయన, పక్క మంచం వైపు నడుస్తూ. "ఈయనకి మొదటి విడతే పనిచేయలేదు. ఏమీ అనకుండా ముందు ఈయన చెప్పేది విను."