సమాధిలో కూర్చున్న కుందేలు

కుందేలు పొద్దున్నుంచి ఏమీ తినలేదు. ముద్దలా ముడుచుకుని, కళ్లు సగం మూసుకుని, ఆశ్రమం మూలన కూర్చుంది.

ఓబులేసు దాన్ని ప్రాణంగా పెంచుకుంటున్నాడు. అయినా బెంగపడలేదు. ఆరేళ్లుగా సుంకన్న స్వామి దగ్గర కళ్లు మూసుకుని కూర్చుంటున్న శిష్యుడు కదా, చూడగానే దానికి సమాధి కుదిరిందని తేల్చేశాడు. తనకింకా కుదరలేదే అని మాత్రం కొంచెం బాధగా ఉంది.

అరగంటలో సంగతి ఊరంతా తెలిసిపోయింది. ఆశ్రమం పక్కింట్లో ఉండే నేను చెప్పింది ఇద్దరికే.

రత్నమ్మ అరటిపళ్లు, బూందీ లడ్డూ తెచ్చి కుందేలు ముందు పెట్టి, కొడుకు పెళ్లి ఎప్పుడవుతుందని అడిగింది. కుందేలు చెప్పలేదు.

"మౌనం కూడా పట్టిందమ్మా" అన్నాడు ఓబులేసు.

నాలుగు రోజుల కిందట పొరుగూరు వెళ్లిన స్వామి మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. గురువు కాకముందు ఆయన ముప్పై ఏళ్లు గొర్రెలు కాశాడు. కుందేలు ముఖం వంక చూడలేదు. దాని కిందున్న గోనెపట్టా ఎత్తి వెతికాడు.

"పెంటికలేవప్పా?"

"నిన్న సాయంత్రం నుంచి వేయలేదు స్వామీ. అది కూడా త్యజించింది."

"నాలుగు రోజులుగా ఏం పెడుతున్నావు?"

"భక్తులు తెచ్చిందే స్వామీ. అరటిపండు, లడ్డూ."

"గడ్డి?"

"ఆశ్రమం కుందేలు కదా అని..."

స్వామి దాని పొట్టకు చెవి ఆనించి కాసేపు విన్నాడు. తర్వాత దాని దవడ మీద వేలు పెట్టాడు.

"పళ్లు నూరుతోంది. చూశావా?"

"జపమనుకున్నా స్వామీ."

"నొప్పి" అన్నాడు స్వామి.

ఓబులేసు కుందేలు ముందున్న లడ్డూ అవతలికి తోశాడు. "బతుకుతుందా స్వామీ?"

స్వామి తన పైపంచె తీసి కుందేలును చుట్టి అతని చేతుల్లో పెట్టాడు. "పద. ఒక్క పూట తినకపోయినా కుందేలుకు ప్రమాదమే."

రత్నమ్మ కొడుకు బండి తీశాడు. అతనూ స్వామీ ఓబులేసూ ముగ్గురూ పశువుల ఆసుపత్రికి వెళ్లారు. పెళ్లి మాట దారిలో ఎవరూ ఎత్తలేదు.

డాక్టరమ్మ నస్రీన్ పొట్ట నొక్కి చూసింది. "పేగుల కదలిక ఆగిపోతోంది. అడ్డమేమీ పడలేదు, నయం. రేపు తెచ్చుంటే చేయడానికేమీ ఉండేది కాదు. లడ్డూ ఎవరు పెట్టారు?"

ముగ్గురూ గోడ మీది క్యాలెండర్ చూశారు.

ఆమె నొప్పికి ఇంజెక్షన్ చేసి, చర్మం కింద సెలైన్ ఎక్కించింది. గడ్డిపొడి నీళ్లలో కలిపి, సూది లేని సిరంజితో కొంచెం కొంచెంగా తాగించమంది. "ఎప్పుడూ గడ్డి, నీళ్లు ముందుండాలి. పొట్ట బిగిసినా, నీళ్లలా విరేచనమైనా ఆలస్యం చేయకుండా తీసుకురండి."

ఆశ్రమానికి రాగానే ఓబులేసు అలవాటు కొద్దీ కుందేలు ముందు పద్మాసనం వేశాడు.

"అక్కడ కాదు" అన్నాడు స్వామి. "వెనక కూర్చో."

ఓబులేసు వెనక్కి జరిగాడు. డాక్టరమ్మ చెప్పినట్టు సిరంజితో తాగించాడు. మధ్యమధ్య అరచేత్తో పొట్ట తడిమి, గట్టిపడలేదని చూసుకుని మళ్లీ వెనక్కి వచ్చాడు. కాళ్లు తిమ్మిరెక్కినా అక్కడి నుంచి లేవలేదు. రత్నమ్మ గుమ్మంలోంచి రెండుసార్లు పిలిచింది. వినపడలేదు. మామూలుగా ధ్యానంలో ఉన్నప్పుడైతే మొదటి పిలుపుకే పలికేవాడు.

పొద్దు వాలే వేళకు కందిగింజంత పెంటిక ఒకటి రాలింది. కాసేపటికి ఇంకో రెండు. ఓబులేసు వాటిని అరచేతిలోకి తీసుకుని అలాగే చూస్తుండిపోయాడు. కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

కుందేలు మెడ చాచి చాప అంచు కొరకడం మొదలుపెట్టింది.

"సమాధి విడిచిందా ఓబులేసూ?" అంది రత్నమ్మ.

అతను స్వామి వంక చూశాడు.

"దానికి ఆకలేస్తోంది" అన్నాడు స్వామి.

ఓబులేసు లేచి, కొడవలి తీసుకుని గట్టు మీదికి గడ్డి కోయడానికి వెళ్లాడు.